ఇల్లే బడికి వచ్చింది

కంబోడియాలోని తోన్లే సాప్ సరస్సు మీద జరిగే పడవ పందేలలో ముందు తెడ్డు పట్టి మా జట్టును గెలిపించినవాణ్ణి నేను. పగోడాలో భిక్షువుల దగ్గర నేర్చిన నాలుగు అక్షరాలతోనే ఈ నీటి ఊరికి పెద్దనయ్యాను. మా తేలే బడికి తెప్ప కట్టించిందీ నేనే. అయినా ఊరు నన్ను తలుచుకునేది వేరే పనికి: బడి మానేసిన పిల్లల్ని మళ్లీ బడి ఎక్కించడానికి.

నా పద్ధతి ఒకటే. పిల్లను ఒక్కదాన్నే నా పడవ ఎక్కించి, తెడ్డు చేతికిచ్చి, నేను వీపు తిప్పి ముందు కూర్చుంటాను. మొహం చూస్తూ అడిగితే అబద్ధం వస్తుంది. వీపుకు చెప్పుకోవడం తేలిక.

కొలాప్ ఆరో తరగతి. సరస్సులో నీరు తగ్గి, మా తేలే ఇళ్లన్నిటినీ పడవలతో లోతుకు లాక్కెళ్లినప్పటి నుంచి బడికి రావడం లేదు. సోమవారానికి రాకపోతే పరీక్షకు పేరు పంపనని రథా టీచరు తేల్చి చెప్పింది. పేరు పోతే ఆ పిల్ల బతుకు ఇక ఎండు చేపల తట్టల దగ్గరే.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

“కడుపునొప్పట పెద్దయ్యా! బడి అనగానే వస్తుంది, అన్నం అనగానే పోతుంది,” అంది తల్లి సాఫాన్.

“ఆ నొప్పిని ఓసారి నా పడవెక్కించు,” అన్నాను.

కొలాప్ తెడ్డు వేసింది. నేను కొంగల్ని చూస్తూ కూర్చున్నాను.

“ఏమే, పడవను పీతలా పక్కకు నడుపుతున్నావు?”

“నువ్వు బరువున్నావు తాతా!”

ఇద్దరం నవ్వుకున్నాక అడిగాను. “ఇదివరకు ఎవరి పడవలో వచ్చేదానివి?”

తెడ్డు ఆగింది.

“పక్కింటోళ్ల పడవలో. ఇప్పుడు వాళ్లిల్లు ఆ కొసకు పోయింది. మా పడవేమో నాన్న వలకు తీసుకుపోతాడు. చెబితే నన్ను దింపడానికి ఆగిపోతాడు. చేపలు ఆగుతాయా? అమ్మకు చెప్పకు తాతా.”

నీటి మీద పుట్టిన మాకు, పిల్ల చేతికి పడవ లేని ఇల్లుంటుందన్న ఊహే రాలేదు! ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను. పడవ ఊగిపోయింది.

“తాతా, మునుగుతాం!”

“మునగంలే, తిప్పు! అమ్మకు చెప్పను. మీ నాన్న వల ఆపను. మీ ఇంటినే కదుపుతాను!”

మా ఇంటి పక్కన, బడిని ఆనుకొని చోటు ఖాళీగా ఉంది. అక్కడికి రమ్మంటే తండ్రి ఎగిరి గంతేశాడు. మర్నాడు వలకు పోతూ పోతూ తాళ్లు బిగించి వెళ్లాడు. పొద్దెక్కేసరికి రెండు మోటారు పడవలు తెచ్చాను.

“అయ్యో, పొయ్యి మీద అన్నం ఉంది!” సాఫాన్ అరిచింది.

“ఉడకనీవమ్మా! అదీ బడికే వస్తుంది.”

కోళ్లతో, మిరప మొక్కల డబ్బాలతో, పొగలు కక్కే పొయ్యితో ఇల్లు కదిలింది. పిల్లలంతా బడి వసారాలోకి ఉరికొచ్చి ఒకటే కేకలు. లోపల రథా టీచరు హాజరు పిలుస్తోంది.

“కొలాప్!”

ఇల్లింకా బడి తెప్పకు ఆననే లేదు. తెల్ల చొక్కా తొడుక్కున్న కొలాప్, “వచ్చాను టీచర్!” అంటూ తన ఇంటి గుమ్మంలో నుంచి బడిలోకి దూకింది.