లీలాకుమారి గొంతు, నాలుగు వాటాల మీటరు

లీలాకుమారి గొంతు మీరు వినే ఉంటారు. మొహం మాత్రం చూసి ఉండరు. తొంభైల్లో ఫిలింనగర్‌లో డబ్బింగ్ సినిమా ఏది తయారైనా కోడలి ఏడుపూ ఆవిడదే, అత్త సాధింపూ ఆవిడదే. నేను అక్కడి డబ్బింగ్ థియేటర్లో సౌండ్ రికార్డిస్టుని. ఆవిడ తనని తానే తిట్టుకుని, తానే ఏడ్చి, సాయంత్రానికి రహమత్ నగర్‌లోని అద్దె వాటాకి హాయిగా వెళ్లిపోయేది.

కరెంటు చార్జీలు పెంచిన ఏడాది ఊరంతా అదే రభస. సినిమాలు లేని రోజుల్లో మాకు పార్టీల ప్రచార క్యాసెట్లే దిక్కు. పొద్దున అధికార పక్షం నాయకుడు పట్టాభిరామయ్య వచ్చి లీలక్క చేత చెప్పించాడు: "తక్కువ కాల్చే ఇంటికి తక్కువ రేటు. పేదవాడికి భయం లేదు." మధ్యాహ్నం ప్రతిపక్షం వాళ్లొచ్చి చెప్పించారు: "స్విచ్చు ముట్టుకుంటే కాదు, బిల్లు ముట్టుకుంటే షాకు." రెండూ నమ్మాను, నా ఖర్మ. అంత బాగా చెప్పింది.

మర్నాడు యూసుఫ్‌గూడ చౌరస్తాలో రెండు పార్టీల ఆటోలూ ఎదురుపడ్డాయి. ఒక మైకులో లీలక్క, ఇంకో మైకులో లీలక్క. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

లీలక్క పక్క వాటాలో ఉండే నీలమ్మ మాత్రం నవ్వలేదు. పట్టాభిరామయ్య ఆటో వాళ్ల సందులోకి రాగానే కిటికీ ధడాలున వేసేసింది. ఏమైందని లీలక్క అడిగింది.

"తక్కువ కాలిస్తే తక్కువ రేటంటవేందక్కా? నాలుగు వాటాలకు ఒక్కటే మీటరాయె. అందరి కరెంటు కలిపి ఒక్క ఇంటి లెక్క రాస్తుండ్రు. బంగ్లా వాళ్ల రేటు పడ్తున్నది మనకు. నీకు తెల్వదా?"

లీలక్కకి తెలుసు. వేరే మీటర్లు పెట్టించమని ఓనరు వీరయ్యని నలుగురూ అడిగి అలిసిపోయారు. అద్దెవాళ్ల పేరున మీటరుంటే ఇల్లు కబ్జా చేస్తారని ఆయన భయం. తన నోటితో తన సందులోనే అబద్ధం ఊరేగుతోందని లీలక్కకి సిగ్గేసింది. నాతో ఆ మాటే అంది.

వారం తిరక్కుండా పట్టాభిరామయ్య రెండో క్యాసెట్‌కని వచ్చాడు, మొహం గంటు పెట్టుకుని.

"అసలు మీరు ఎవరి మనిషండీ? మాకూ చెప్పి, వాళ్లకీ చెప్తారా?"

లీలక్క మైకు ముందు నుంచి కదల్లేదు. "వాళ్ల క్యాసెట్‌లో నేను చెప్పింది మా ఇంట్లో ఇప్పటికే నిజమండీ. మీ క్యాసెట్‌లో చెప్పిందే ఇంకా కాలేదు. మా ఓనరు వీరయ్య గారు మీ మనిషే కదా, నాలుగు వాటాలకీ వేరే మీటర్లు పెట్టించండి. ఆ రోజు రండి, చెప్తాను."

"వేరే గొంతులు దొరకవనుకున్నారా?"

"దొరుకుతాయండీ. కానీ సగంలో గొంతు మారిస్తే సినిమా ఆడదు."

నాకు నవ్వాగలేదు. తలొంచుకుని, తిప్పక్కర్లేని బటన్లన్నీ తిప్పాను. ఆయన విసవిసా వెళ్లిపోయాడు. ఇక ఆ పార్టీ పని పోయినట్టేనని నేను బెంగపడ్డాను. "వస్తాడులే, ఎన్నికలున్నాయి" అంది లీలక్క, టీ తాగుతూ.

వచ్చాడు. ముందు మీటర్లు వచ్చాయి, తర్వాత ఆయన వచ్చాడు.

ఆ కొత్త మీటర్లు చూద్దామని ఓ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. నీలమ్మ కిటికీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. సందు మొదట్లో ఆటో వినబడింది. అదే గొంతు, అదే మాట: తక్కువ కాల్చే ఇంటికి తక్కువ రేటు. లీలక్క గుమ్మంలోనే ఆగి నీలమ్మ వైపు చూసింది.

నీలమ్మ బియ్యం ఏరుతూనే ఉంది. కిటికీ వేయలేదు.