మూడో రోజు మిరప ఎరుపు

పోయిన మాఘంలో ఒక ఆదివారం పొద్దున, బ్రాడీపేటలో మా ఇంటి గేటు ముందు నిలబడి, మా ఆవిడ కత్తిని నా చేతులతో నేనే సాన పట్టే మనిషికి ఇచ్చాను. మోపెడ్ వెనక మోటారు చక్రం బిగించుకుని, రికార్డు చేసిన కేక వినిపిస్తూ వీధులు తిరిగే మనిషి అతను. చక్రానికి ఆనించగానే నిప్పురవ్వలు జల్లుగా లేచాయి. చూడ్డానికి బాగానే ఉంది. రెండు నిమిషాల్లో అంచు తళతళలాడింది. దాని వెంబడే, నెమలి మెడ మీద కనిపించే నీలం ఒకటి సన్నటి చారలా పాకింది. అతను గుడ్డతో తుడిచాడు. నేను బొటనవేలితో రుద్దాను. పోలేదు. ఏదో మరక అనుకున్నాం ఇద్దరం.

మధ్యాహ్నం మా ఆవిడ వాళ్ళ చెల్లెలితో కలిసి పెదకాకాని గుడికి వెళ్ళొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి దొండకాయలు ముందేసుకుని, కత్తి తీసి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. “చక్రానికి పెట్టించారా?” అంది. దొండకాయలు కోయడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మాట ఎంత తిట్టినట్టో ముప్పైనాలుగేళ్ళుగా కాపురం చేస్తున్న నాకు తెలుసు. నాలుగో రోజుకి ఆ అంచు టమాటా తొక్క మీద జారిపోయింది.

ఒక కూరగాయల కత్తికి ఇంత కథ ఎందుకని అడగవచ్చు. మా ఆవిడకు కీళ్ళవాతం. మొదట మోకాళ్ళు పోయాయి, దాంతో వాళ్ళమ్మ ఇచ్చిన కత్తిపీట అటక ఎక్కింది. తర్వాత వేళ్ళు. కుడిచేతి నాలుగు వేళ్ళూ చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి, గాలివాటానికి ఒరిగిన పత్తి మొక్కల్లాగా. బజారులో దొరికే ఏ కత్తీ ఆ చేతిలో నిలవలేదు. దాదాపు ఏడాదిపాటు మా ఇంట్లో కూరలు నేను కోశాను. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని చూసేది. “ఏవండీ, అది వంకాయండి, తాటిమట్ట కాదు,” అనేది. నవ్వుతూనే అనేది గానీ, కూరలోకి ముక్క ఎంత ఉండాలో తన చేతికి తెలిసి, ఆ చేతికే చేతకాకపోవడం ఆవిడను లోపల కోస్తోందని నాకు అర్థమవుతూనే ఉంది. పోను పోను వంటింట్లోకి రావడం తగ్గించింది. గోంగూర పచ్చడి రుచి ఎలా ఉందని అడగడం కూడా మానేసింది.

అప్పుడు గుర్తొచ్చాడు పొదిలి కమ్మరి. నేను పేపర్లో పనిచేసే రోజుల్లో, వ్యవసాయ పనిముట్ల మీద వ్యాసం కోసం ఆయన కొలిమి దగ్గర ఒక రోజంతా కూర్చున్నాను. అచ్చయ్యే రోజు ప్రకటనలు ఎక్కువై వ్యాసం నాలుగు వాక్యాలకు కుదించుకుపోయింది. ఆయన మాత్రం ఆ ముక్కను కత్తిరించి గోడకు అంటించుకున్నాడు, అప్పట్నుంచి నేను ఆయనకు పేపరు బాబుగారిని. ఫోన్ చేసి సంగతి చెబితే, “కత్తి మీకా, అమ్మగారికా? అమ్మగారికైతే ఆమె రావాలండి. మీరొచ్చి ఏం చేస్తారు?” అన్నాడు.

ఆయన పద్ధతే అది. కత్తి పట్టే మనిషి రాకుండా ఇనుము కాల్చడు. ఇద్దరం వెళితే, మా ఆవిడ చేతికి ఒక పాత కత్తీ ఒక దోసకాయా ఇచ్చి కోయమన్నాడు. కత్తి వైపు గానీ దోసకాయ వైపు గానీ చూడలేదు, ఆవిడ మోచేతి వంక చూస్తూ కూర్చున్నాడు.

“నొప్పి ఎక్కడ మొదలవుద్దమ్మా?”

“మణికట్టు దగ్గర, బాబాయ్.”

“అయితే దాంతో పని లేకుండా చేద్దాం.”

తర్వాత తడి బంకమట్టి ముద్ద ఒకటి ఆవిడ గుప్పిట్లో పెట్టి, నొప్పి పుట్టనంత వరకే పిసకమన్నాడు. ఒరిగిన వేళ్ళ గుంటలు ఉన్నవి ఉన్నట్టు మట్టిలో పడ్డాయి. ఆ ముద్దను బట్టి చింత చేవతో పిడి చెక్కాడు. అది కత్తి అలుగుకు, అంటే కోసే రేకుకు, వరసలో ఉండదు, వడ్రంగి రంపం పిడిలా పైకి నిలబడి ఉంటుంది. గుప్పిట బిగించి ముందుకు తోస్తే చాలు, భుజం పని చేస్తుంది, మణికట్టు ఊరికే ఉంటుంది. అలుగు లారీ కమాను పట్టా. కొలిమిలో కాల్చి సరిగ్గా అదనుకి నీళ్ళలో ముంచితేనే ఇనుము గట్టిపడుతుందని, ఆ అదను రంగులోనే తెలుస్తుందని చెప్పాడు. “కల్లంలో ఎండబోసిన మిరపకాయ మూడో రోజున ఉండే ఎరుపు రావాలండి. దానికి ముందు ముంచితే మెత్తన, దాటాక ముంచితే పెళుసు.” నేను అలవాటు కొద్దీ చిన్న పుస్తకంలో రాసుకున్నాను.

కత్తి ఇచ్చేటప్పుడు నాకూ ఒక ఉద్యోగం ఇచ్చాడు. శనివారం శనివారం నీళ్ళు పోస్తూ రాయి మీద అరగంట నూరాలి, చక్రం జోలికి పోకూడదు, ఆ వేడికి పట్టించిన గట్టిదనమంతా పోతుంది. రిటైరయ్యాక నాకు దక్కిన ఉద్యోగం అదొక్కటే. ఆరేళ్ళు చేశాను. ఆ ఆరేళ్ళూ మా ఆవిడ దొండకాయలు కాగితంలా కోసింది, వంకాయ గుత్తిగా చీల్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కత్తి చూడ్డానికి వస్తే, కాఫీ ఇచ్చి, చూపించి, ముట్టుకోనివ్వకుండా పంపించేది. పోయిన చలికాలం నాకు భుజం పట్టేసింది. మూడు శనివారాలు ఎగ్గొట్టాను. మూడోదాని మర్నాడే గేటు ముందు ఆ రికార్డు కేక వినిపించింది.

ఫాల్గుణంలో కత్తి తీసుకుని పొదిలి బయల్దేరాను. ఆవిడ రానంది. అద్దంకి దాటాక దారి పొడుగునా రెండు పక్కలా మిరప కల్లాలు, కారు అద్దాలు ఎత్తినా ఘాటు ముక్కుకి తగులుతూనే ఉంది. ముప్పై ఏళ్ళు మిర్చి యార్డు ధరల వార్తలు రాసినవాణ్ణి. ఎర్ర బంగారం అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కల్లంలోకి దిగి చూసింది మాత్రం లేదు, ఆ రోజు కూడా కారు ఆపలేదు.

కొలిమి పాకలో సగం ఇప్పుడు ఆయన కొడుకు వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్సు చేస్తాడు. నన్ను చూసి పక్కకు తీసుకెళ్ళి, “నాన్నని అడక్కండి సార్. అడిగితే కాదనలేడు,” అన్నాడు. యాభై ఏళ్ళు మంట చూసిన కళ్ళు, ఆపరేషన్ చేయించినా చూపు రాలేదట, మనుషులు నీడల్లా కదులుతారట. అడగకూడదనే అనుకున్నాను. కొడుకు ఎక్కడో గేటు బిగించడానికి వెళ్ళాడు. ముసలాయన కత్తిని చేతిలోకి తీసుకుని, అంచును గోటితో మీటి, “చక్రం,” అన్నాడు. నేను తప్పు ఒప్పుకున్నాను. ఆయన కత్తిని ఇంకోసారి తడిమి అన్నాడు.

“మళ్ళీ నీళ్ళు పట్టిస్తే బతుకుద్ది. నాకు ఎరుపు తెలీట్లేదండి. మీరు చూసి చెప్తారా?”

“అబ్బాయి వచ్చేదాకా ఆగుదాం.”

“వాడు వెల్డింగ్ అద్దంలోంచి చూసేవాడు. వాడికి అన్నీ ఒకటే ఎరుపు. మీరు పేపరు మనిషి, చూడ్డమేగా మీ పని.”

పిడి ఊడదీసి, అలుగును బొగ్గుల్లో పెట్టి, పటకారుతో పట్టుకుని కూర్చున్నాడు. మొహం నా వైపు తిప్పాడు. ఇనుము నల్లగా, తర్వాత గోధుమరంగులో, తర్వాత ఎర్రగా మారింది. ఇదేనా అనుకున్నాను. మసకగా ఉంది, మిరపకాయ అంటే ఇంకా నిగనిగలాడాలి కదా అనిపించింది. మరికాస్త ఆగాను. పండుమిరపలా మెరిసింది. “ఇప్పుడు,” అన్నాను. తొట్టిలో ముంచాడు. నీళ్ళు బుస్సున పొంగాయి. ఆ చప్పుడు అణగక ముందే లోపల ‘టిక్’మని ఒక చిన్న శబ్దం.

“పోయిందండి,” అన్నాడు. బయటికి తీసేసరికి అలుగు అడ్డంగా బీట వారి ఉంది, వేలితో నొక్కితే రెండు ముక్కలైంది. “మీరు చూసింది చెట్టు మీది ఎరుపు, బాబుగారూ. కల్లంలోది కొంచెం చచ్చి ఉంటది,” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

 ఆయన లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళాడు. అక్కడ బల్ల మీద వరసగా ఎండిన మట్టి గుప్పిళ్ళు, పాతిక ముప్పై ఉంటాయి. చేత్తో ఒక్కొక్కటే తడిమి, ఎనిమిదో తొమ్మిదో దగ్గర ఆగి, “ఇది అమ్మగారిది,” అని ఇచ్చాడు. “ఎవరన్నా పనివాడు దొరికితే చూపించండి.” ఎవరూ దొరకలేదు. గుంటూరులో అడిగాను, చీరాలలో అడిగాను. కొలత చూసి గీసిస్తే లేజరుతో కోసిస్తామన్నారు.

మా ఆవిడ మట్టి ముద్దను తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. బొటనవేలు దాని గుంటలో కూర్చోలేదు. ఆరేళ్ళలో వేళ్ళు ఇంకా ఒరిగాయి. ముద్దను కిటికీలో పెట్టి, “పాపం, ఆయనకి కళ్ళు కనపడకే ఇలా అయ్యింది,” అంది. ఔనన్నట్టు తలూపాను.

ఇప్పుడు కూరగాయలు కోసినవే ప్యాకెట్లలో వస్తున్నాయి. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. ఆవిడ వంటింట్లోకి రావడం మళ్ళీ తగ్గింది. సానరాయి పెరట్లో కుళాయి పక్కనే ఉంది, అడుగున నాచు పట్టింది. శనివారం మాత్రం వారానికొకసారి వస్తూనే ఉంది. పొదిలి కొలిమి దగ్గర ‘ఇప్పుడు’ అన్నది ఎవరో మా ఆవిడకు నేనింకా చెప్పలేదు.