పెంక అక్క ఒళ్ళోకి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు ముసురు పట్టిందంటే మా ఊరి బడికి సెలవే. కల్వకుర్తికి కాస్త దూరంలో ఉన్న మా ఊళ్ళో బడి పైకప్పు బయటికన్నా ఎక్కువ కురిసేది. అందుకే వాన పడితే మాకు పండగ. అలాంటి ఒక ముసురు రోజున మా అవ్వ మాతో ఆడించిన ఆట ఇప్పటికీ నాకు నిన్న జరిగినట్టే ఉంటుంది.

దానికి ముందురోజు మా సారు గోడకు ప్రపంచ పటం తగిలించి, కొన్ని దేశాలు బాగా ఉన్నవని, కొన్ని పేదవని, మనది పేద దేశమని చెప్పారు. ఎందుకని అడిగేలోపే ముసురు మొదలైందని ఇంటిగంట కొట్టారు. ఆ ప్రశ్న నాతోపాటు ఇంటికొచ్చింది. నాకన్నా రెండు తరగతులు పైన చదివే మా పెద్దమ్మ కూతురికి తెలియని సంగతి ఉండేది కాదు. "గంత కూడ తెల్వదా? ఆ దేశాలోళ్ళు కష్టపడ్తరు. మనోళ్ళు ఒళ్ళు వంచరు" అని తేల్చేసింది అక్క.

అవ్వ అరుగు మీద కూర్చుని కాళ్ళకు ఆముదం రాసుకుంటూ ఆ మాట వింది. వయసులో ఉన్నప్పుడు ఆమె, ఊళ్ళో పంట పండని ఏళ్ళలో, మేస్త్రీ వెంట లారీ ఎక్కి మట్టిపనికి పోయేది. పేరు కూడా నోరు తిరగని చోట్ల కాలువలు తవ్వింది, ఆనకట్టలకు రాళ్ళు మోసింది. అక్కను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నవ్వి, "రేపు గూడ ముసురు ఇడువకపోతే రొట్టెలాట ఆడుదం" అంది.

మర్నాడూ విడవలేదు. అవ్వ మా నలుగురినీ కొట్టంలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. మా తమ్ముడికి చాటలో జొన్నపిండి ఇచ్చింది. పక్కింటి పిల్లకు పల్లీలు, బెల్లం ఇచ్చింది. నాకు ఏమీ ఇవ్వలేదు, పోయి కట్టెలు ఏరుకురమ్మంది. చివరికి రొట్టెలు కాల్చే పెంక తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది. ఎవరి వస్తువు వాళ్ళది, గుంజుకోకూడదు, ఇచ్చి పుచ్చుకోవాలి. ఆటంతా అంతే.

నేను గోనెసంచి తల మీద కప్పుకుని వానలోకి పరుగెత్తాను. కంచె పక్కన, గడ్డివాము కింద, ఎక్కడ పొడిపుల్ల కనబడితే అక్కడ వంగాను. ముల్లు గుచ్చుకుంది. జారిపడి మోకాళ్ళ దాకా ఎర్రమట్టి పూసుకున్నాను. తిరిగొచ్చి పొయ్యి ఊదీ ఊదీ మంట లేపేసరికి కళ్ళు మండిపోయాయి. అక్క మాత్రం గొంగడి మీద కదలకుండా కూర్చుని ఉంది.

"నా పెంక మీద కాల్చుకుంటే సగం నాది" అంది. పచ్చిపిండి తినలేడు కదా, తమ్ముడు ఒప్పుకున్నాడు. పల్లీలు వేయించినా సగం ఆమెవే. మిగిలినదాంట్లోంచి నా కట్టెలకు వచ్చింది ఒక రొట్టె అంచు, కాసిని పల్లీలు. అక్క ముందు రొట్టెలు దొంతరగా లేచాయి.

నాకు ఏడుపొచ్చింది. "అందరికన్న ఎక్కువ కష్టం నేనే చేసిన అవ్వా" అన్నాను.

అవ్వ అక్క వైపు తిరిగింది. "ఏం బిడ్డా, నీ చెల్లె ఒళ్ళు వంచలేదా?"

"వంచింది. గని పెంక నాది గదా."

"నీకెట్లొచ్చె?"

"నువ్వే ఇస్తివి."

"నువ్వు కష్టపడ్డవని ఇచ్చిన్నా?"

అక్క చేతిలోని రొట్టెను తిరిగి దొంతర మీద పెట్టేసింది.

"దేశాల సంగతి నాకు తెల్వదు బిడ్డా" అంది అవ్వ. "నేను తవ్విన కాల్వలల్ల నీళ్ళు పారినయి. ఆ దిక్కు చేన్లు పచ్చగైనయి. మన చేను ఎండుడు ఎండింది. నేను ఒళ్ళు వంచకనా? మొదలు ఎవరి చేతికి ఏమొచ్చిందో చూడాలె. ఎట్లొచ్చిందో గూడ చూడాలె. కొందరికి దొరుకుతది, కొందరు గుంజుకుంటరు."

ఆ మాటలు అప్పుడు నాకు సగమే ఎక్కాయి. నా చూపు పొయ్యిలో కణకణలాడే నిప్పుల మీద ఉంది. మా బాపు మేకలు మేపడానికి పోయినప్పుడు పెంక లేకుండానే పిండిముద్దను మోదుగాకుల్లో చుట్టి నిప్పుల్లో కాల్చుకునేవాడు. నేను తమ్ముడి చెవిలో ఆ సంగతి ఊదాను. వాడు పిండి కలిపాడు, పక్కింటి పిల్ల అందులో పల్లీలూ బెల్లమూ నలిపి వేసింది, నేను కంచె పక్కనుంచి మోదుగాకులు తెచ్చి ముద్దలు చుట్టి నిప్పుల్లో దోపాను. కాసేపటికి కొట్టమంతా కమ్మటి వాసన. వేళ్ళు కాల్చుకుంటూ, ఊదుకుంటూ, మాడిన ఆకు వలిచి తింటుంటే బెల్లం పాకం మోచేతి దాకా కారింది.

అక్క పెంక చల్లారిపోయింది. రొట్టెలున్నా ఆమెకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. దగ్గరికొచ్చి, "నాకు జర పెట్టరా?" అంది. తమ్ముడు వెంటనే "నీ రొట్టెలల్ల సగం మాకియ్యాలె" అన్నాడు. నాకూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. అవ్వ వైపు చూస్తే, ఆమె చూరునుంచి కారే నీళ్ళనే చూస్తోంది.

"ఊకెనే తిను, ఏమియ్యొద్దు. గని పెంక పొయ్యి మీద పెట్టు, జల్దిన అయితయి" అన్నాను.

అక్క పెంక తెచ్చి పెట్టింది. పెట్టి, తనే వంగి పొయ్యి ఊదింది. ఆ సాయంత్రం కలుపు తీసి తడిసి వచ్చిన మా అమ్మకూ పెద్దమ్మకూ కూడా మేమే రొట్టెలు పెట్టాం.

బడి తెరిచాక సారుకు ఆ ఆట చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, పటం దగ్గరికి పోయి, ఇంగ్లీషువాళ్ళ కాలంలో మన దూది ఓడలెక్కి వాళ్ళ దేశం పోవడం, బట్టలై తిరిగొచ్చి మనకే అమ్ముడుపోవడం వేలితో గీసి చూపించారు. "అంటే దూది మనది, మిషన్లు వాళ్ళయా సార్?" అని, తరగతులన్నీ ఒకే గదిలో కూర్చునే ఆ బడిలో, అందరికన్నా ముందు అడిగింది అక్కే.

తెలంగాణ వచ్చాక మా పొలాలకూ కాలువ నీళ్ళొచ్చాయి. ఒకప్పుడు మేము మట్టిపనికి దూరాలు పోయేవాళ్ళం. ఇప్పుడు మా దగ్గర నాట్లు వేయడానికి బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వస్తున్నారు. మొన్న మా మనవరాలు గట్టు మీద నిలబడి, "వాళ్ళ దగ్గర పని చేసుకుంటే ఇంత దూరం ఎందుకొస్తరు నానమ్మా?" అంది. నేను దాని చెయ్యి పట్టుకుని మడిలోకి దింపి, అలా వచ్చి నాట్లేస్తున్న ఒకామె పక్కన నాటమన్నాను. ఇది నడుము పట్టుకుని లేచేసరికి ఆమె అవతలి గట్టు చేరి నవ్వుతోంది. మాకూ నవ్వాగలేదు.

బురద చేతులతోనే మనవరాలు ఆమె దగ్గరికి పోయింది. వచ్చీరాని హిందీలో మీ ఊళ్ళో పొలం ఎవరిది, నీళ్ళు ఎవరికి పారతాయి అని అడగడం మొదలుపెట్టింది. దానికి ఆ ప్రశ్నలు నేను నేర్పలేదు. నాకు మాత్రం అవ్వ నేర్పింది, అవి అడగకుండా ఇన్నేళ్ళలో ఏ మనిషినీ, ఏ దేశాన్నీ పేద అనలేకపోయాను.