తెర ముందుకు రాని బాబాయ్

మిత్రమా, బాగున్నావా? నీ మెసేజీలన్నీ చూశాను. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. మన తోలుబొమ్మల బాబాయ్ పోయాడు. కాఫీ తాగి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఇన్నాళ్లూ మలేషియాలో కూర్చుని ఆయన మాటల్ని అందరికీ ఇంగ్లీషులో చెప్పింది నువ్వే. ఈ కబురు కూడా నువ్వే చెప్పాలి. ఆదివారం బొమ్మలాటవాళ్ల ఆన్‌లైన్ మీటింగులో జావా అవ్వా, టర్కీ ఆయనా ఫోన్లలో మా గడి వైపే చూస్తూ కూర్చుంటారు కదా.

నరసరావుపేటలో నా గుడ్డల కొట్టుకి ఆయన తెర కోసం తెల్లగుడ్డ కొనడానికి వచ్చేవాడు. గుడ్డని వెలుతురుకి పట్టి, వెనక చెయ్యి ఆడించి చూస్తేగానీ కొనడు. కొట్టులో వైఫై ఉంది కదా అని మీ మీటింగుకి వెనక గదిలో నేనే కూర్చోబెట్టాను. మొదటిరోజు గుర్తుందా? అన్ని దేశాల బొమ్మలాటవాళ్లూ మొహాలు చూపించి నమస్కారాలు పెడుతుంటే మా గడి మాత్రం తెల్లగా ఉంది. కెమెరా పాడైందా అని నువ్వు అడిగావు. చూద్దును కదా, బాబాయ్ ఫోనుకీ తనకీ మధ్య గుడ్డ కట్టేసి, అవతల లైటు వేసుకుని కూర్చున్నాడు!

"ఏంది బాబాయ్, అందరూ మొహాలు చూపిస్తన్నారు. ఇవతలికి రా."

"కొట్లో నువ్వు గుడ్డలు చూపిస్తావా, నీ మొహం చూపిస్తావా? బొమ్మ మాట్లాడేటప్పుడు మనిషి కనపడగూడదురా."

అంతలో హాస్యగాడి బొమ్మ తెర మీదకి దూకి నడుం తిప్పింది. జావా అవ్వ పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఆయన మొహం చూపించమని ఎవరూ అడగలేదు. ఆడబొమ్మలకి గొంతు మా పిన్నిది, అంటే ఆయన భార్యది. ఆట మధ్యలో నేను బొమ్మ అందిస్తే, "తెరకి ఆనించరా, ఎడం పెడితే నీడ చెదిరిపోద్ది" అని గదమాయించేవాడు.

మీటింగులో చూపించడానికి ఒక ఫోటో ఇమ్మని పిన్నిని అడిగాను. కళ్లెర్రజేసింది.

"బతికుండగా చూపియ్యని మొహం ఇప్పుడు చూపిస్తావంట్రా?"

ఆడించేవాళ్లు లేని బొమ్మల్ని కృష్ణలో వదలడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. అచ్చంపేట వైపు వెళ్లడానికి అప్పుడే ఆటో కూడా మాట్లాడేసింది.

"నువ్వున్నావుగా పిన్నీ."

"నాది గొంతే. చెయ్యి ఆయనది."

"ఈ ఒక్క ఆదివారం ఆగు. వాళ్లంతా చూస్తా ఉంటారు."

పిన్ని బొమ్మల మూటకి ముడేసింది. ఆ బొమ్మలు నీళ్లలో కలిస్తే ఇక మా గడి ఎప్పటికీ ఖాళీయే కదా, మీలో ఎవరితోనూ ఆమెకి మాట కూడా ఉండదు. అదే నా భయం.

అయినా మనసు ఊరుకోక నిన్న సాయంత్రం వెనక గదిలో కొత్త గుడ్డ కట్టి, లైటు వేసి, ఫోను సర్దుతున్నాను. అవతల గాజుల చప్పుడైంది. తెర మీద ఏదో మసక నీడ కదిలింది. వణుకుతూ వణుకుతూ దగ్గరికొచ్చి గుడ్డకి ఆనింది. హాస్యగాడి బొమ్మ, టోపీ అంచుతో సహా స్పష్టంగా!

"అవతలోళ్లు ఎప్పుడొస్తార్రా?" అంది పిన్ని, తెర వెనక నుంచే.

నువ్వే చెప్పు, ఆదివారం ఎన్నింటికి కలుద్దాం?