బతుకమ్మ నాటి తలస్నానం

సద్దుల బతుకమ్మ నాడు మా అక్క సునీత జుట్టు పాడైంది మా ఇంట్లో కిరాయికుండి పార్లర్ నడిపిన విజయక్క వేసిన రంగు వల్ల కాదు. కుంకుడు రసంలో గుప్పెడు బట్టల సోడా కలిపింది నేను. నాకప్పుడు పదేళ్లు. మొన్నమొన్నటిదాకా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నా తలకూ నెలకోసారి రంగు పడుతోంది. వేసేది నా భార్య. మొన్న ఎండాకాలంలో, రంగు నిలవాలని రాసే సీరమ్, దుకాణానికి వెళ్లే ముందు పూసే జెల్, వాటికి తోడు కొబ్బరినూనె, ఒకదాని మీద ఒకటి పేరుకుని, బోరునీళ్ల ఉప్పు కూడా కలిసి, వేళ్లు పెడితే జుట్టు బంకలా అంటుకోసాగింది. ఆమె ఫోన్‌లో ఏదో వీడియో చూసి, షాంపూలో తినే సోడా కలిపితే ఆ జిడ్డంతా ఒక్కసారికే పోతుందట, కలపనా అని చెంచా పట్టుకుని వచ్చింది. వద్దని గట్టిగా అరిచాను. ఆ తర్వాత మేం నిదానమైన పద్ధతే పట్టాం. మళ్లీ రంగు వేసే ముందు రోజు మాత్రమే జిడ్డు తీసే షాంపూ, మిగతా రోజుల్లో రంగు జుట్టుకని అమ్మే తేలికపాటి షాంపూ మగ్గు నీళ్లలో కలిపి, గోరువెచ్చని నీళ్లతో స్నానం, కొసలకు కాస్త కండిషనర్, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. జుట్టు దారికొచ్చింది గాని, ఎందుకంత అరిచానని ఆమె అడిగినప్పుడు చెప్పక తప్పలేదు.

మా ఇల్లు హన్మకొండలో. వీధి వైపు రెండు గదులు, ఒకదాంట్లో బాపు కిరాణా దుకాణం, రెండోది కిరాయికి. వానాకాలం దుకాణమంతా చెమర్చిన బెల్లం వాసన, ఎండాకాలం మిర్చి ఘాటు, ములుగు దిక్కు నుంచి జీపుల మీద కుంకుడుకాయల బస్తాలు దిగిన రోజున మాత్రం మిగతా వాసనలన్నిటినీ తోసేసే ఒక పులుపు. ఆదివారం పొద్దున నానమ్మ పెరట్లో కూర్చుని ఆ కాయలను రాతితో కొట్టి గింజలు తీస్తే, నున్నటి ఆ నల్లగింజలతో మేం గోటీలాడేవాళ్లం. రసం కంట్లో పడి గోల పెడితే నాలుక మీద ఉప్పుకల్లు పెట్టి, మంట దానంతటదే పోతుందనేది నానమ్మ. బాపు నెలకోసారి నూనె డబ్బాలు, కొలతలు బయటేసి, మరిగే నీళ్లలో బట్టల సోడా పోసి కడిగేవాడు. నెలరోజులుగా గట్టిపడ్డ జిడ్డు చూస్తుండగానే కరిగి కారిపోవడం నాకు పెద్ద వింత.

రెండో గదిలోకి విజయక్క దిగి పార్లర్ పెట్టింది. ఒక నిలువుటద్దం, ఒక తిరిగే కుర్చీ, కిటికీకి పూల పరదా. భర్త లారీ మీద పోతే ఎన్నో రోజులకు గాని ఇంటికి రాడు, వచ్చినా చేతిలో ఏమీ మిగలదు. గది కిరాయి, కూతురి బడి ఫీజు ఆ కుర్చీ మీదే వెళ్లాలి. మొదట్లో మా వీధి ఆడవాళ్లు పరదా సందులోంచి చూసి నవ్వుకునేవాళ్లు, తర్వాత ఒక్కొక్కరే లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు.

మా అక్కకు ఇంటర్‌లోనే తెల్ల వెంట్రుకలు వచ్చాయి. కాలేజీలో పిల్లలు ముసలమ్మ అంటున్నారని ఏడిస్తే, అమ్మే ఆమెను విజయక్క దగ్గరికి తీసుకుపోయింది. రంగు వేశాక విజయక్క మరీ మరీ చెప్పింది, నీళ్లు బాగా వేడిగా ఉండొద్దని, కుంకుడు రసం పెట్టినా పల్చగా పెట్టాలని. అక్క కొత్త నలుపు చూసుకుని మురిసిపోయి, అది అణిగి మెరవాలని రోజూ కొబ్బరినూనె, దాని మీద డబ్బాలో వచ్చే హెయిర్ క్రీము పట్టించింది.

సద్దుల నాడు పొద్దున్నుంచే వంటింట్లో నువ్వులు, పల్లీలు వేయిస్తున్న వాసన, రోట్లో సత్తుపిండి దంపుతున్న చప్పుడు. తంగేడు పూలు గోనెసంచిలో వచ్చాయి, గునుగు పూలు ఇంకా తేవాలి, రంగులు కలిపి కొసలు ముంచాలి. నా దోస్తులు గునుగుకు పోదామని గోడ అవతల సైకిళ్ల మీద నిలబడి పిలుస్తున్నారు. నేను పెరట్లో అక్క తలమీద చెంబుతో నీళ్లు పోస్తున్నాను. రెండుసార్లు రుద్దినా ఆ క్రీము జిడ్డు వదల్లేదు, ఇంకోసారి రసం పొయ్యమంది. నాకు నూనె డబ్బాలు గుర్తొచ్చాయి. దుకాణంలోకి ఉరికి గుప్పెడు సోడా తెచ్చి, రసంలో వేసి, కాగులోంచి వేడివేడి నీళ్లు కలిపి పోశాను. జిడ్డు పోయింది. అక్క కళ్లు మూసుకునే ఉంది, బండ మీద నల్లటి నీళ్లు పారడం నేనొక్కణ్ణే చూశాను. ఇంకో రెండు చెంబులు కుమ్మరించి ఆ నలుపును మోరీలోకి తోసేసి, సైకిలెక్కి పోయాను.

తిరిగొచ్చేసరికి ఇల్లంతా గోల. ఆరిన జుట్టు పీచులా లేచి, అక్కడక్కడా ఎర్రగా, అక్కడక్కడా మట్టి రంగులో ఉంది. సాయంత్రం అక్క నెత్తి నిండా చున్నీ కప్పుకుని బతుకమ్మ దగ్గర కూర్చుంది, ఆడలేదు. ఏమైందని అడిగిన ప్రతి ఒక్కరికీ అమ్మ చెప్పింది.

“ఆ విజయ అగ్గువ రంగు తెచ్చి నా బిడ్డ నెత్తి కరాబు చేసిందమ్మా.”

సద్దుల నాడు వీధి ఆడవాళ్లంతా ఒక్కచోటే ఉంటారు. ఆ మాట ఇల్లిల్లూ తిరగాల్సిన పనే లేకపోయింది. ఆ పార్లర్‌కు పోతే వెంట్రుకలు గునుగు పూలైతయట అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు.

మర్నాడు విజయక్క దుకాణంలోకి వచ్చింది. బాపు తక్కెడ దగ్గర ఉన్నాడు, బేరం నడుస్తోంది.

“శీనూ, నీళ్లు పోసింది నువ్వే గద. కుంకుడుకాయలే పెట్టిన్రా, ఇంకేమన్న కలిపిన్రా?”

“కుంకుడుకాయలే అక్కా.”

ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత పూల పరదా తీసి ఎవరూ లోపలికి పోలేదు. దీపావళి రాకముందే కుర్చీ, అద్దం అమ్మేసి, కూతుర్ని తీసుకుని నెక్కొండలో తల్లిగారింటికి వెళ్లిపోయింది. అక్క జుట్టు ఏడాదిలో మళ్లీ పెరిగింది.

ఆమె నెక్కొండలోనే ఉందని నాకు ఎప్పటినుంచో తెలుసు. మా దగ్గర సరుకు కొనే ఆ ఊరివాళ్లు చెబుతూనే ఉన్నారు. ఇదంతా విన్న నా భార్య, వింటే నాకే సిగ్గుగా ఉంది, పోయి ఆమెకు చెప్పి రా అంది. ఆదివారం రైలెక్కాను. మేం గునుగు కోసిన చేన్లన్నీ ఇప్పుడు కాలనీలు. పార్లర్ గదిలో నేను బియ్యం బస్తాలు పెట్టుకుంటున్నాను. మా దుకాణంలో కుంకుడు పొడి పొట్లాలే తప్ప కాయలు లేవు, నా పిల్లలు ఆ నల్లగింజను చూడనేలేదు.

విజయక్క తల పూర్తిగా నెరిసింది. జాకెట్లు కుడుతోంది. నన్ను పోల్చుకుని కూర్చోమంది. కూర్చోకుండానే చెప్పేశాను. ఆమె మిషన్ ఆపలేదు, కుట్టు చివరిదాకా పోనిచ్చి, దారం తెంపింది.

“గప్పుడే అనుకున్న తమ్మీ. నువ్వు నా మొకం దిక్కు చూడలే.”

“మరి గట్టిగ అడగకపోతివి అక్కా?”

“అడిగిన గద.”

నాకు తెలిసిందే నాకు చెప్పుడేంది, మీ అమ్మకు చెప్పు అంది విజయక్క. అక్కడే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అమ్మకు మొదటి నుంచీ చెప్పాను. అంతా విన్నాక, విజయ ఉన్నదా, ఫోనియ్యి అంది అమ్మ. నేను వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను. వాళ్లేం మాట్లాడుకున్నారో వినలేదు. కాసేపటికి విజయక్క బయటికొచ్చి, మీ అమ్మ ఏడుస్తాంది అని ఫోన్ నా చేతిలో పెట్టింది. లోపలికి పోబోతుంటే ఆపాను.

“అక్కా, సోడా కలిపింది తెల్వక. నువ్వడిగితె చెప్పకపోయింది మాత్రం తెలిసే. నీ పని నా వల్లనే పోయింది. మాఫ్ చెయ్యి.”