దొర బంతి

నిన్న పట్నంలో, గోల్ఫ్ మైదానం అంచున, పొదలో తెల్లని బంతి కనబడితే చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఎవరిదో కనుక్కుని ఇచ్చెయ్యడం ఇక్కడి మర్యాదట.

మా ఊరు కోరుట్ల పక్కన. దొర కోటలాంటి తన గడి ముందు కర్రతో కొట్టిన బంతులను ఆయన బిడ్డ సుజాత, నేను ఏరి తెచ్చేవాళ్లం. అడవిలోని అన్నల నుంచి ఊరు విడిచి పొమ్మని ఉత్తరం అందాక దొర కుటుంబమంతా పట్నం వెళ్లిపోయింది. ఆ తర్వాత గడి వెనక ఆడుకుంటుంటే నాకొక బంతి దొరికింది. కబురు పెడితే దానికోసమైనా సుజాత వస్తుందనుకున్నాను.

మా బాపు మగ్గం ఆపి బంతిని తిప్పి చూశాడు.

"దొరకు పంపితే అన్నలు అడుగుతరు. ఠాణాల ఇస్తే పోలీసోళ్లు అడుగుతరు. ఇంట్ల వెట్టుకుంటే ఇద్దరూ అడుగుతరు. దొరికిన కాన్నే పెట్టి రా బిడ్డా."

"సుజాత అచ్చి అడిగితే?"

"గా పిల్లొక్కతే అడుగది."

పెట్టి వచ్చాను. మర్నాడు అది కొంచెం పక్కకు జరిగి ఉంది. ఊళ్లో పిల్లలందరికీ అది ఒక్కోసారి దొరికింది. అన్ని ఇళ్లలోనూ ఒకటే తీర్పు.

పోయిన బంతిని మూడు నిమిషాలు వెతకాలని, ఆపైన ఆశ వదులుకోవాలని నిన్న మైదానంలో చెప్పారు. నేను సుజాత కోసం మూడు వానాకాలాలు చూశాను.