మేట్రన్ గారి పేజీ, దాని తొలగింపు చర్చ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, సికింద్రాబాద్‌లోని ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు నుంచి సీనియర్ ట్యూటర్‌గా పదవీ విరమణ చేశాను. ఆ ఆగస్టులోనే రెండో ఉద్యోగంలో చేరాను. దానికి నియామక పత్రం లేదు, జీతం లేదు, యూనిఫాం లేదు. తెలుగులో ఎవరైనా రాయగల, ఎవరు రాసినదాన్నైనా మరొకరు దిద్దగల విజ్ఞాన సర్వస్వం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. అందులో ఖాతా తెరిచాను. మొదటి ఉద్యోగంలో ఒక్క మెమో కూడా అందుకోని నేను, ఈ రెండో ఉద్యోగంలో రెండు నెలలు తిరక్కుండానే సస్పెండయ్యాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

ఖాతా తెరవడానికి కారణం రాహేలమ్మ గారు. నేను నర్సింగ్ చదివేనాటికి ఆవిడ ఆ ఆసుపత్రి మేట్రన్, అంటే నర్సులందరికీ అధిపతి. ఆవిడ కింద వార్డు సిస్టర్లు, వాళ్ల కింద స్టాఫ్ నర్సులు, అందరికంటే అడుగున మేము, విద్యార్థినులం. మేట్రన్ గారు గుంటూరు వైపు మనిషి. ఆవిడ నడిచొస్తుంటే కారిడార్‌లో చీపుళ్లు కూడా నిటారుగా నిలబడేవని మేం నవ్వుకునేవాళ్లం. ఆ రోజుల్లో పిల్లల వార్డులో తల్లులు సాయంత్రం చూడ్డానికి వచ్చి, గంట కొట్టగానే వెళ్లిపోవాలి. తల్లి బిడ్డ పక్కనే ఉండవచ్చన్న పద్ధతి మా ఆసుపత్రిలో తెచ్చింది రాహేలమ్మ గారు.

ఒక మధ్యాహ్నం ఊసుపోక ఫోన్‌లో మా ఆసుపత్రి గురించి వెతికితే ఆ విజ్ఞాన సర్వస్వంలో పేజీ కనిపించింది. కట్టించిన దొరల పేర్లు, పెద్ద డాక్టర్ల పేర్లు వరుసగా ఉన్నాయి. నర్సు పేరు ఒక్కటి లేదు. ఒళ్లు మండింది. రాహేలమ్మ గారి దగ్గర చదివినవాళ్లలో చిన్నవాళ్లకే యాభై దాటాయి. మా తరం దాటితే ఆవిడ చేసిన పని చెప్పేవాళ్లు ఉండరు. ఇక ఎవరి కోసమో చూడకుండా నేనే కూర్చుని ఆవిడ మీద ఒక పేజీ రాశాను. కరుణామయి అన్నాను, త్యాగశీలి అన్నాను, వృత్తికే వన్నె తెచ్చారన్నాను. నగరంలో మొట్టమొదటిసారిగా తల్లులను పిల్లల వార్డులో ఉండనిచ్చిన మేట్రన్ అని కూడా రాశాను. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, పదిసార్లు చదువుకుని మురిసిపోయాను.

తెల్లవారేసరికి విశేషణాలన్నీ మాయమయ్యాయి. అక్కడ ప్రతి పేజీకీ ఒక చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో అందులో చూడవచ్చు. చూస్తే యాదగిరి అనే ఆయన చేసిన పని అది. పక్కన కారణంగా "తటస్థత" అన్న ఒక్క మాట. నేను విశేషణాలు తిరిగి పెట్టాను. ఆయన తీసేశారు. మళ్లీ పెట్టాను. అప్పుడు నా చర్చా పేజీలో, అంటే ఇతరులు నాతో మాట్లాడే పేజీలో, ఆయన సందేశం వచ్చింది. పొగడ్త వద్దు, ప్రతి వాక్యానికీ మూలం చూపండి, తీసేసినదాన్ని పదే పదే పెట్టడం ఇక్కడ తగవు కింద లెక్క అని దాని సారాంశం.

వార్డు సిస్టర్‌గా, ట్యూటర్‌గా వందలమందికి రాత నేర్పినదాన్ని. తాతకు దగ్గులు నేర్పుతున్నాడని విసుక్కున్నాను. తల్లుల సంగతికి మూలం ఏమిటని ఆయన అడిగితే, "నేనే చూశాను" అని రాశాను. రాసేవాళ్లు చూసింది మూలం కిందికి రాదని జవాబు వచ్చింది. ఆసుపత్రి జూబిలీ సంచికలో ఆవిడ గురించి నాలుగు మాటలున్నాయి, అవి చూపించాను. సొంత సంస్థ తన మనిషి గురించి వేసుకున్నది సరిపోదు, సంబంధం లేనివాళ్లు రాసింది కావాలన్నారు. రెండు రోజులకు పేజీ నెత్తిన యాదగిరి పెట్టిన పట్టీ ఒకటి వెలిసింది. దీన్ని తొలగించాలని ప్రతిపాదన ఉంది, వారంపాటు ఎవరైనా "ఉంచాలి" అనో "తొలగించాలి" అనో కారణంతో చెప్పవచ్చు, ఆ తర్వాత ఒక నిర్వాహకుడు నిర్ణయిస్తాడని ఆ పట్టీ చెప్పింది. తలలు లెక్కపెట్టరు, కారణాలు తూకం వేస్తారని అందులోనే రాసి ఉంది. ఆ వాక్యాన్ని నేను సరిగా పట్టించుకోలేదు.

నా బ్యాచ్‌మేట్ గ్రేస్‌కు ఫోన్ చేశాను. మా నర్సులకు పాతకాలం నుంచి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా మెమో వస్తే ఆ ఒక్కరే సంజాయిషీ ఇవ్వరు. ఒకరు రాస్తారు, బ్యాచంతా కింద సంతకాలు పెడతారు. అంతమందిని ఒక్కసారి శిక్షించలేక పైవాళ్లు ఊరుకుంటారు. తిలా పాపం తలా పిడికెడు అన్నమాట.

గ్రేస్ విని, "గింత దానికే పరేషానా? మన బ్యాచంతా ఉంచాలె అని రాస్తే ఎవరు తీస్తరే సుగుణా, నేను జూస్త" అంది.

ఆ శనివారం మారేడ్‌పల్లిలో మా చర్చి స్త్రీల సమాజం కూటం అయ్యాక అందరం హాల్లోనే ఆగిపోయాం. హాలు వైఫై గ్రేస్ అందరి ఫోన్లకూ కలిపింది. నేను ఒక్కొక్కరికీ ఖాతా తెరిచి పెట్టాను. కళ్లజోళ్లు సర్దుకుంటూ, గ్రేస్ చెబుతుంటే అందరూ టైపు చేశారు. "ఉంచాలి. మేట్రన్ గారు గొప్ప మనిషి." కొందరు దానికి ఒక బైబిలు వాక్యం జోడించారు. ఒకావిడ తన అభిప్రాయాన్ని చర్చలో కాక, మేట్రన్ గారి పేజీ మధ్యలోనే రాసింది. సమోసాలు తిని, గెలిచిన వాళ్లలా ఇళ్లకు పోయాం.

మర్నాటికి మా ఖాతాలన్నీ నిరోధించారు. ఏ ఖాతా ఏ నెట్ నుంచి వచ్చిందో చూడగల అధికారం అక్కడ కొద్దిమందికే ఉంటుంది. వాళ్లు చూశారు. ఒకే రోజు పుట్టిన ఖాతాలు, ఒకే వైఫై, అవే మాటలు. ఒకే మనిషి పలు పేర్లతో వచ్చి చర్చను పక్కదారి పట్టిస్తోందని అనుమానించారు. ఆ మనిషిని నేనే అనుకున్నారు. నా ఖాతాకు వారం నిరోధం విధించి, చర్చ గడువు మరో వారం పొడిగించారు. పేజీ పోతుందన్న దిగులుకు ఇది గోరుచుట్టు మీద రోకటిపోటైంది. ఆ పూట అన్నం సహించలేదు. మోసగత్తె అన్న ముద్ర నా జన్మలో మొదటిసారి పడింది. గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

రాసేవాళ్లంతా నెలకోసారి బేగంపేటలో కలుస్తారని నా చర్చా పేజీలోనే ఒక ఆహ్వానం పడి ఉంది. ఆ ఆదివారం సాయంత్రమే మెట్రో ఎక్కి వెళ్లాను. తిట్టడానికే వెళ్లాను, దాచడమెందుకు. యాదగిరి గారు నలభై ఐదేళ్ల మనిషి, ఆ దగ్గర్లోనే ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. నా పేరు చెప్పగానే లేచి కుర్చీ ఇచ్చారు.

"కూసోండ్రి మేడమ్. గుస్స ఉంటది, నాకెర్కే" అన్నారు.

"మేమందరం మీకు ఒక్క మనిషి లెక్క కనబడ్డమా?" అని అడిగాను.

"స్క్రీన్ మీద మొకాలు కనబడవు గద మేడమ్. అందరు ఒక్కటే మాట రాసిండ్రు, ఒక్క జాగల కెళ్లి రాసిండ్రు. నేనేం అనుకోవాలె?"

చర్చి హాలు వైఫై సంగతి చెప్పాను. ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది, కోపం కాస్త దిగింది. మా వాళ్లు వేర్వేరు మనుషులేనని తాను రాస్తానని, వాళ్ల నిరోధం తీయిస్తానని చెప్పారు. మనుషుల్ని కూడగట్టి తేవడం మాత్రం నియమానికి విరుద్ధమే కాబట్టి నా వారం నేను పూర్తి చేయాలన్నారు. నేను అసలు విషయానికి వచ్చి, నేను చూసింది అబద్ధమా అని అడిగాను.

"అబద్ధమని ఎవ్వరన్లే మేడమ్. రేపు ఇంకొకాయన వస్తడు. మా మేనత్తనే తల్లుల్ని మొదట ఉండనిచ్చింది, నేను కండ్లార జూసిన అంటడు. ఆయన సుత నిజమే జెప్తుండొచ్చు. అప్పుడు నేను ఎవరి మాట ఉంచాలె?"

కేసు షీటులో నర్సు రాసే నోట్సు గురించి నేను ఏటేటా చెప్పిన పాఠం గుర్తొచ్చింది. "రోగికి కడుపునొప్పి" అని రాయకూడదు, "కడుపునొప్పి అని రోగి చెబుతున్నారు" అని రాయాలి. ఏది ఎవరి మాటో చదివేవారికి తెలియాలి. ఈ ఒక్క తప్పుకు ఎందరి మార్కులు కోశానో. పత్రికలోనో పుస్తకంలోనో ఒక్క ఆధారం తెండి, "ఉంచాలి" అని నేనే రాస్తానని యాదగిరి గారు అన్నారు. మాట తప్పే మనిషిలా కనిపించలేదు.

రాహేలమ్మ గారు బోయిన్‌పల్లిలో చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటారు. తొంభైకి దగ్గర పడ్డారు. వినికిడి తగ్గింది తప్ప నడుము వంగలేదు. మర్నాడే వెళ్లి, మీ గురించి ఎప్పుడైనా పేపర్లో పడిందా మేడమ్ అని అడిగాను.

"పేపరువాళ్లకు నాతో ఏం పనే? తల్లి బిడ్డ దగ్గర కూర్చుందని వార్త వేస్తారా?" అన్నారు.

ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పేజీ చూపించాను. వేలు పెట్టి ప్రతి వాక్యం చదివారు. పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లలా నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ వయసులో నాకది అవసరమా అంటే, ఆవిడ ముందు ఇంకోలా నిలబడడం నాకు రాదు.

"నగరంలో మొట్టమొదట అని రాశావు. మిగతా ఆసుపత్రులన్నీ తిరిగి చూసొచ్చావా?"

"లేదు మేడమ్."

"నేనూ చూళ్లేదు. మరి కింద నీ పేరేదీ?"

"ఇందులో పేరుండదు మేడమ్. అందరూ కలిసి రాసేది."

ఆవిడ ఫోన్ నా చేతికి ఇచ్చేశారు. "అయితే నువ్వు చూసింది ఇందులో రాయకూడదు. చూసింది చూసినట్టు వేరే రాయి. పేరు, హోదా కింద పెట్టు. పేరులేని రాత నా వార్డులో చెల్లదని తెలీదూ?"

నా మొహంలోకి చూసి, "ఇది తీసేస్తారని ఏడ్చావా?" అని అడిగారు. అవునన్నాను. "పిచ్చిదానా" అని నా చెయ్యి పట్టుకున్నారు. నా చదువు మొత్తంలో, ఆ తర్వాతి ఉద్యోగం మొత్తంలో ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది ఆ ఒక్కసారే. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. టీ తాగి వచ్చేశాను.

నిరోధం తీరిన రోజు చర్చలో ఇలా రాశాను: "ఈ పేజీ మొదలుపెట్టింది నేనే. మొట్టమొదట అన్న మాటకు ఆధారం లేదు. స్వతంత్ర మూలాలు నాకు దొరకలేదు. తొలగించవచ్చు." ఆ నాలుగు వాక్యాలు ఒకసారి చదువుకుని పంపేశాను. చర్చ లేవదీసినవారే దాన్ని ముగించకూడదు కాబట్టి యాదగిరి గారు పక్కకు తప్పుకుని, వేరొక నిర్వాహకుడు పేజీని తొలగించారు. గ్రేస్ ఫోన్ చేసి, "నీ చేతులతోనే తీసేయమని రాసినవా?" అంది. క్రిస్మస్ దాకా నాతో మాట్లాడలేదు.

ఆ ఉద్యోగం నేను మానలేదు. తట్టు గురించి, పిల్లల విరేచనాల గురించి, పాలిచ్చే తల్లుల ఆహారం గురించి పాఠ్యపుస్తకాలు ముందేసుకుని రాశాను. ప్రతి వాక్యం చివరా మూలం ఉంది. కొత్తవాళ్లు "మొట్టమొదటి" అని రాస్తే ఆగి, ఎవరన్నారని అడుగుతాను. నాకు గీర అని ఒకరిద్దరు అనుకుంటున్నారట, అనుకోనీ.

నేను నేర్చుకున్నది ఇంతే. రాతలు రెండు రకాలు. ఒకదానిలో రాసేవారు కనిపించకూడదు, ఆధారమే మాట్లాడాలి. ఇంకోదానిలో రాసేవారే ఆధారం కాబట్టి వారు ఎదురుగా నిలబడాలి. మొదటి దానిలో చోటు లేనంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు. దాన్ని రెండో దానిలో రాయాలి. అందుకే ఇది.

పిల్లల వార్డులో ఆపరేషన్ అయిన నాలుగేళ్ల పాప ఎవరు పట్టినా పాలు తాగలేదు. తల్లి గేటు బయట కూర్చుని ఉంది. మేట్రన్ రాహేలమ్మ గారు వాచ్‌మన్‌ను పంపి ఆమెను లోపలికి పిలిపించారు. మంచం పక్కన చాప వేయమన్నారు. తల్లి పట్టగా పాప పాలు తాగింది. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు గారు ఈవిడను ఎవరు రానిచ్చారని అడిగితే, "నేనే" అన్నారు. గంట కొట్టినా తల్లిని వెళ్లమనలేదు. మర్నాటి నుంచి మిగతా మంచాల పక్కనా చాపలు పడ్డాయి. నగరంలో ఇది మొదటిసారో కాదో నాకు తెలియదు. ఆ చాప పరిచింది నేను. దీనికి మూలం నేనే.

సుగుణ,
రెండో సంవత్సరం విద్యార్థిని, పిల్లల వార్డు.